లాగకూడని బండి

మూడింటినీ గోనెపట్టా మీద వరసగా పరిచి, బుడే మేస్త్రి నాలుగోసారి పీట ముందుకు జరుపుకున్నాడు. పక్కన పెట్టిన టీ మీద మీగడ కట్టింది. ఎదురుగా ఉన్న జిన్నింగు మిల్లులోంచి ఎగిరొచ్చిన దూదిపింజ ఒకటి సరిగ్గా ఆ మీగడ మీదే వాలింది. దాన్ని చిటికెన వేలితో తీసి అవతల పారేసి, చల్లారిన టీని ఒక్క గుక్కలో తాగేసి, మొదటిదాన్ని ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు.

పది కిలోల పైమాటే. రెండు ఇనుప మూకుళ్ళు ఎదురెదురుగా పెట్టి అంచులు అతికేసినట్టుంటుంది. పేరు టార్క్ కన్వర్టరు. క్లచ్చి లేని కార్లలో ఇంజనుకీ గేర్‌బాక్సుకీ నడుమ కూచుని, ఇంజను బలాన్ని ఆయిలు ద్వారా చక్రాల వైపు పంపించే సరుకు. సత్తెనపల్లిలో, గుంటూరు రోడ్డు మీద, ముప్ఫై ఎనిమిదేళ్ళుగా గేర్‌బాక్సులు విప్పుతున్న బుడే, రెండు నెలల కిందటి దాకా దాని పేరు విన్నాడే గాని మొహం చూసిన పాపాన పోలేదు. ఇప్పుడేమో మూడు ఒకేసారి ఎదురుగా కూచున్నాయి, సంబంధానికొచ్చిన పెళ్ళికొడుకుల్లాగా.

ఇవాళ సాయంత్రంలోగా వీటిలో ఒకటి షెడ్డులో ఉన్న నల్లకారు కడుపులోకి వెళ్ళాలి. వెళ్ళి, బుద్ధిగా పని చెయ్యాలి. లేకపోతే రేపు పొద్దున్నే చిలకలూరిపేట నుంచి పీరు దిగుతాడు. పీరు పాత బళ్ళు కొని ముక్కలు చేసి అమ్మేవాడు. కారు గలావిడ రచన, ఆవిడ నాన్నగారు శేషాచలం మాస్టారు. ఆ మాస్టారు పీరుకు మాట ఇచ్చేశారు. "రెండు నెలలుగా అమ్మాయి చేత సెలవు పెట్టించి చూశానయ్యా బుడే. సోమవారం దాకా చూస్తాను. ఆపైన నా కూతురు అద్దె కారులో వెళ్తుంది, లేదా ఉద్యోగం మానేస్తుంది," అని తేల్చి చెప్పారు. ఇవాళే సోమవారం.

రచనకు ముప్ఫై నాలుగేళ్ళు. వినుకొండ కాలేజీలో లెక్కల లెక్చరరు. రెండో ఏట వచ్చిన పోలియో ఆవిడ ఎడమకాలిని ఎదగనివ్వలేదు. క్లచ్చి తొక్కాల్సిన కాలు అదే. కాబట్టి క్లచ్చి లేని బండి కావాలి. అలాంటివాటిలో నెమ్మదస్తులు బోలెడు ఉన్నాయి. ఆవిడకు ఒక్కటీ నచ్చలేదు. హైదరాబాదులో ఎవరో షోకిల్లారాయుడు మోజుపడి కొని, అది తాగే పెట్రోలుకు జడిసి వదిలించుకున్న జపాను కారు ఒకటుంటే, పోరుపెట్టి మరీ కొనుక్కుంది. పందెపు గిత్తలాంటి బండి. దాంట్లో రోజూ సత్తెనపల్లి నుంచి వినుకొండకు వెళ్ళడం, సాయంత్రానికి రావడం. "చిన్నప్పుడు బడిలో పరుగుపందేలు పెడితే నా చేతికి విజిలిచ్చి పక్కన నిలబెట్టేవాళ్ళు మేస్త్రి గారూ. ఇప్పుడు రమ్మనండి చూద్దాం, ఒక్కొక్కళ్ళనీ!" అంటుంది. ఆ మాట అనేటప్పుడు ఆవిడ మొహం చూడాలి. ఆ మొహం కోసమే బుడే ఆ బండికి ఆయిలు మార్చినా పండగలాగా మార్చేవాడు.

అలాంటి బండిని తనే చంపుకున్నాడు. అదీ బాధ.

జరిగిందేమిటంటే, జనవరిలో ఒకనాడు శావల్యాపురం దగ్గర కారు ఆగిపోయింది. పెద్ద జబ్బేం కాదు, పెట్రోలు పంపు ఫ్యూజు పోయింది. రచన సెల్‌ఫోను తీసి షాపుకు చేసింది. బుడే అప్పుడొక జీపు కింద పడుకుని ఉన్నాడు. బయటికి రాకుండానే రిసీవరు చెవికి పెట్టించుకుని, "ఏముందమ్మా, ఏదన్నా ట్రాక్టరుకు తాడు కట్టి లాక్కొచ్చేయమనండి," అన్నాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా అంబాసిడర్లకీ, జీపులకీ, మెటాడోర్లకీ చెప్పిన మాటే. పల్నాడులో దారిన బండి ఆగితే అడక్కుండానే తాడు పట్టుకొచ్చే పుణ్యాత్ములకు కొదవా? వెనక ఉన్న పత్తి ట్రక్కును ఊడదీసి రోడ్డు పక్కన వదిలేసి మరీ ఒక రైతు తన ట్రాక్టరుకు కారును కట్టుకుని, సత్తెనపల్లి దాకా ఈడ్చుకొచ్చి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

ఫ్యూజు మార్చి బండి స్టార్టు చేశాడు బుడే. గేర్‌బాక్సులోంచి కుక్కపిల్ల తోక తొక్కినట్టు మూలుగు. ఆయిలు దించి చూస్తే అందులో వెండిపొడి చల్లినట్టు తళతళ. గుంటూరు ఆటోనగర్‌లో లేతు పనిచేసే ఇమ్మానియేలు అతని పాత నేస్తం. దుబాయిలో పదేళ్ళు ఇలాంటి బళ్ళ మధ్యే బతికొచ్చినవాడు. వాడికి ఫోను చేస్తే, అవతలనుంచి ఒకటే కేక.

"ఒరేయ్, లాగించావా! కొంప ముంచావు గదరా! దాని ఇంజను తిరిగితేనే పంపు తిరిగేది, పంపు తిరిగితేనే లోపలికి ఆయిలు వచ్చేది. ఇంజను ఆపేసి చక్రాలు తిప్పితే లోపలంతా ఎండు ఇనుమే కదరా! ఆ రజనంతా ఇప్పుడు కన్వర్టరులోకి పోయి కూచునుంటది."

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? గేర్‌బాక్సు మొత్తం విప్పి, అరిగినవి మద్రాసు నుంచి తెప్పించి, ఒక్కొక్కటీ కడిగి బిగించాడు. అన్నీ అయ్యాయి. కన్వర్టరు ఒక్కటే మిగిలింది. అది మూసేసిన కుండ. లోపల రజను చేరితే పైనుంచి కడగడానికి వల్లకాదు. ఇంకోటన్నా వెయ్యాలి, దాన్నే కోసి బాగుచెయ్యనన్నా చెయ్యాలి. రజను సంగతి మాస్టారికి చెప్పాడు, రచనకు చెప్పాడు. లాక్కురమ్మన్న తన మాట వల్లే ఇదంతా అని మాత్రం చెప్పలేదు. రోజూ పొద్దున చెబుదామనుకోవడం, రచన ఫోను చేసి "మేస్త్రి గారూ, మీ చేతిలో పడ్డాక నాకేం భయం లేదండీ," అనడం, ఇతని నోట్లో మాట ఇతని నోట్లోనే ఎండిపోవడం. భార్య మదార్‌బీ ఉండబట్టలేక, "ఏమయ్యా, రెండు నెల్లనుంచీ అన్నం ముందు కూచుని గోడతో మాట్లాడుతున్నావు," అని అడిగింది. ఆమెకు కూడా చెప్పలేదు.

"మామా, ఇంకేం చూస్తావు? నీలంది వేసేద్దాం," అన్నాడు మాలిక్. మాలిక్ అతని అల్లుడు, షాపులో సగం పని అతని మీదే.

నీలంది హైదరాబాదు నుంచి వచ్చింది. మెరిసే నీలిరంగు, మిగతా రెంటికంటే కాస్త చిన్నది. రేసులు నడిపేవాళ్ళు వేసుకునేదట. అమ్మినవాడు "ఇది వేస్తే బండి గాల్లో పోతుందండీ," అన్నాడు.

"పోయిద్ది, ఎందుకు పోదు," అన్నాడు బుడే, దాన్ని ఒళ్ళో తిప్పుతూ. "చిన్న ఒళ్ళు గదా, ఇంజను బాగా గొంతెత్తి అరిచిందాకా ఇది పట్టుకోదు. అరిచినాక ఒక్కసారి పట్టుకుని విసిరి కొట్టిద్ది. రేసుకైతే అదే కావాల. అమ్మాయి గారు రేసుకు పోతన్నారా? నరసరావుపేట గేటు కాడ మిరపకాయ లారీల వెనక అరగంట నిలబడి, పదడుగులు కదిలి, మళ్ళీ నిలబడాల. ఆ కదిలినప్పుడల్లా ఇది జారుద్ది. జారితే వేడి. మే నెల ఎండకు ఆ వేడి తోడైతే లోపల ఆయిలు పులుసులాగా ఉడికిపోయిద్ది. రోజూ తిరిగే బండికి ఇది పనికిరాదురా."

దాన్ని పట్టా మీంచి దించేశాడు. మాలిక్ మొహం చిన్నబోయింది. ఆ రంగు మీద అతనికి మనసు పడింది మరి.

రెండోది మద్రాసు పాత సామాన్ల బజారుది. ఏదో ప్రమాదంలో నుజ్జయిన కారులోంచి తీసింది. పైకి కడిగి, రంగేసి, కొత్తదానిలా తయారుచేశారు. బుడే దాన్ని బోర్లించి, లోపల మిగిలిన ఆయిలు చుక్కల్ని మదార్‌బీ తెల్లచీర పీలిక మీదికి కార్చాడు. పీలిక కింద అయస్కాంతం పెట్టి మెల్లగా జరిపాడు. ఆయిలు మరకలో సన్నని నల్లగీత ఒకటి అయస్కాంతం వెంట కదిలింది. రెండు వేళ్ళు మధ్య రంధ్రంలోకి పోనిచ్చి పళ్ళచక్రాన్ని తిప్పాడు. ఒకవైపు తిరగాలి, రెండోవైపు తిరక్కూడదు. తిరిగింది గాని, గరుకు. చెవి ఆనించి మళ్ళీ తిప్పాడు. అతని చెవులు పెద్దవి. కుడిచెవి మీద, స్క్రూడ్రైవరు పిడి ఆనించి ఇంజను లోపలి చప్పుడు వినే చోట, చర్మం కాయ కాచిపోయింది.

"పైన పటారం లోన లొటారం," అని దాన్నీ దించేశాడు.

మిగిలింది మూడోది. అందవికారం. మొన్నటిదాకా ఈ కారులోనే ఉన్న అసలు కన్వర్టరు. దాన్ని ఇమ్మానియేలు లేతు మీద పెట్టి కుండను కోసినట్టు నడిమికి కోశాడు. లోపలి రజనంతా కడిగి, ఆయిలును తోసే రేకుల్ని ఒక్కొక్కటీ కదలకుండా ఇత్తడి పోసి అతికి, అరిగిన వాషర్ల చోట సూది బేరింగులు పెట్టి, వేగం అందుకున్నాక జారకుండా పట్టుకునే పట్టీ కొత్తది అంటించి, మళ్ళీ మూసి, చుట్టూరా వెల్డింగు కొట్టాడు. ఆ వెల్డింగు కుట్టు పెద్ద ఆపరేషను మచ్చలాగా ఉబ్బెత్తుగా ఉంది. రంగు లేదు, మెరుపు లేదు. "మీ అమ్మాయి గారు స్పీడు మనిషన్నావు గదా, రేకులు ఒక్క పిసరు వంచాను. ఊపు కొంచెం ఎక్కువిచ్చిద్ది, వేడి మాత్రం ఎక్కదు," అని కబురు పంపాడు. అయితే ఒకటే భయం. కోసి అతికింది గదా, రోజూ తిరిగే వేడికి కుట్టు ఎక్కడన్నా కారితే?

బుడే నీళ్ళతొట్టి ముందు గొంతుక్కూచున్నాడు. కన్వర్టరు రంధ్రాలకు బిరడాలు బిగించి, గాలి గొట్టం తగిలించి, నీళ్ళలో ముంచాడు. మాలిక్ గాలి వదిలాడు. సైకిలు ట్యూబు పంక్చరు చూసినట్టు బుడే కుట్టు వెంబడి అంగుళం అంగుళం తిప్పుతూ చూశాడు. ఒక బుడగ. మొహం నీళ్ళకు ఆనేలా వంగి చూశాడు. అది గొట్టం దగ్గరిది. గొట్టం బిగించి మళ్ళీ చూశాడు. నీళ్ళు కదలకుండా ఉన్నాయి. అయిదు నిమిషాలు అలాగే చూశాడు. మీసాల కింద నవ్వు మెల్లగా మొలిచింది.

"ఇదేరా పెళ్ళికొడుకు," అన్నాడు.

పదకొండింటికి రిక్షాలో తండ్రీకూతుళ్ళు దిగారు. మాస్టారు తెల్లపంచె, చంకలో గొడుగు. కన్వర్టర్లు మూడింటినీ చూసి, మచ్చ పడ్డదాన్నే మాలిక్ తుడుస్తుండడం చూసి, ఆయన కనుబొమలు పైకి లేచాయి.

"ఏమయ్యా బుడే, నిగనిగలాడేవి రెండుంటే ఈ అతుకుల బొంతను వేస్తున్నావా? ఇంతకీ ఇది చేసే పనేమిటి?"

"మాస్టారూ, రెండు టేబులు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకదానికే కరెంటిచ్చామనుకోండి. రెండోది దీని గాలికి దానంతటది తిరిగిద్దా లేదా?"

"తిరుగుతుంది."

"అంతే. ఇందులో గాలికి బదులు ఆయిలు. రోజూ తిరిగే బండికి ఫ్యాను మెరవక్కర్లేదండి. ఊగకుండా, కాగకుండా తిరిగితే చాలు."

మాస్టారు నలభయ్యేళ్ళు పాఠాలు చెప్పినవారు గనక, చెప్పడం చేతనైనవాణ్ణి చూస్తే మెత్తబడతారు. ఇంకేం అనకుండా బెంచీ మీద కూచున్నారు. రచన మాత్రం కూచోలేదు. గోడ పట్టుకుని, కారు బానెట్టు మీద చెయ్యేసి, దాన్ని ఒక్కసారి నిమిరింది.

మార్చి నెల. ఊరంతా మిరపకోరు, తుమ్ములు తెప్పించే ఆ ఎర్రదుమ్ము, దానికి తోడు మిల్లు దూది. గేర్‌బాక్సు తెరిచినప్పుడు ఒక్క పింజ లోపల పడినా ప్రమాదమే. అందుకు బుడేకు సొంత పద్ధతి ఒకటుంది. మదార్‌బీ పాతచీరలు నాలుగు నీళ్ళలో తడిపి, కారు చుట్టూ తెరల్లాగా కట్టేస్తాడు. దుమ్మూ దూదీ ఆ తడికి అంటుకుపోతాయి. "కట్టుకున్న దానికి ఏడాదికొక చీర కొనడు గాని, కార్లకు మాత్రం నాలుగు కట్టబెడతాడు," అని మదార్‌బీ ఊరందరికీ చెబుతుంది. చెబుతూనే, తడి ఆరకుండా చెంబుతో నీళ్ళు చిలకరిస్తుంది. ఇవాళ కూడా అదే పని మీద ఉంది.

ఆ తడిచీరల లోపల బుడే, మాలిక్ కన్వర్టరును చెరోవైపు పట్టుకుని గేర్‌బాక్సు కడ్డీ మీదికి ఎక్కించారు. ఇది చివరిదాకా కూచోవాలంటే మూడు మెట్లు దిగాలి. మెట్టు మెట్టుకూ ఒక చప్పుడు. బుడే రెండు అరచేతుల్తో దాన్ని పొదివి పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

టక్.

కాస్త పైకెత్తి మళ్ళీ తిప్పాడు.

టక్.

మూడోది రాలేదు. తిప్పాడు, ఎత్తాడు, దించాడు. రాలేదు. చెమట కనుబొమల మీదనుంచి కళ్ళలోకి దిగింది. మాలిక్ వేలు పెట్టి చూసి, "కూచుంది మామా. కాస్త సందుంటే బోల్టులు బిగిస్తే అదే దిగిద్ది. టైము ఒంటిగంటయింది," అన్నాడు.

బిగిస్తే దిగదు. పంపు పగిలిపోతుంది. ఇమ్మానియేలు ఒకటికి పదిసార్లు చెప్పాడు. అయినా ఒక్క క్షణం బుడే చెయ్యి స్పానరు వైపు వెళ్ళిన మాట నిజం. బయట మాస్టారు గడియారం చూసుకుంటున్నారు. రేపు పీరు వస్తాడు. తొందరలో అన్న ఒక్క మాటకే రెండు నెలలు పట్టింది, ఇంకో తొందర ఎందుకని ఆ చేతిని తనే వెనక్కి లాక్కున్నాడు.

"అందరూ కాసేపు నోరు ముయ్యండి," అన్నాడు గట్టిగా. మదార్‌బీ చెంబు కింద పెట్టేసింది. బయట మాస్టారు కూడా దగ్గు ఆపుకున్నారు.

బుడే కళ్ళు మూసుకున్నాడు. కుడిచెవి గేర్‌బాక్సుకు ఆనించాడు. నిద్రపోతున్న పసిపిల్లను పక్కకు జరిపినంత నెమ్మదిగా, వెంట్రుకవాసి తిప్పాడు. ఇంకో వెంట్రుకవాసి.

టక్.

ఈసారి చప్పుడు లోతుగా వచ్చింది. కన్వర్టరు అర అంగుళం లోపలికి జారి, ఇంటికొచ్చిన మనిషిలాగా కుదురుగా కూచుంది. "వచ్చింది!" అని బయట అరిచింది రచన. తడిచీరల బయట, గోడ పక్కన నిలబడి ఆవిడ కూడా మూడు చప్పుళ్ళూ లెక్కపెడుతూనే ఉంది మరి. లెక్కల లెక్చరరు గదా.

నాలుగింటికి బండి చక్రాల మీద నిలబడింది. ఆయిలు పోసి, స్టార్టు చేసి, మళ్ళీ ఆయిలు పోసి, మెట్టుమెట్టుకూ గేర్లు మార్చి చూసి, బుడే చేతులు కడుక్కున్నాడు. కిరసనాయిలుతో ఒకసారి, నిమ్మతొక్కతో ఒకసారి. రచన స్టీరింగు ముందు కూచుంది. బుడే పక్క సీట్లో కూచున్నాడు. సొంత కారు ఎరగడు, సైకిలు మీద తిరిగే మనిషి. ఎక్కిన కార్లన్నీ రోగులే, వైద్యుడు నాడి చూసినట్టు చెవి రిక్కించి కూచోవడమే తప్ప సుఖంగా వెనక్కి ఆనింది లేదు.

ఊరు దాటేదాకా రచన మెల్లగా నడిపింది. ఒకటో గేరు నుంచి రెండుకు, రెండు నుంచి మూడుకు, ఎక్కడా కుదుపు లేదు. ఆ తర్వాత ఇంజను గొంతు ఒక్కసారి కాస్త తగ్గి నిలకడైంది. కన్వర్టరు లోపలి కొత్త పట్టీ పట్టుకుందన్నమాట. ఇక జారడం లేదు, వేడి లేదు.

"పట్టింది! పట్టిందమ్మా!" అన్నాడు బుడే, తొడ చరుచుకుని.

"తొక్కనా మేస్త్రి గారూ?"

"తొక్కండి! దానికోసమే గదా ఈ బాధంతా!"

తొక్కింది. బుడే వీపు సీటుకు అతుక్కుపోయింది. రోడ్డుకు రెండువైపులా కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు ఎర్రటి చారలైపోయాయి. కాయలు ఏరుతున్న కూలీలు లేచి నిలబడి చూశారు. కిటికీలోంచి వచ్చిన గాలికి టోపీ ఎగిరిపోబోతే రెండు చేతుల్తో నెత్తి పట్టుకుని, "యా అల్లా! ఇదమ్మా బండంటే!" అని యాభై ఎనిమిదేళ్ళ మనిషి పసివాడిలాగా కేకలు పెట్టి నవ్వాడు. రచన కూడా నవ్వింది. ఆవిడ కుడికాలు రెండు కాళ్ళ ఆనందాన్నీ అనుభవిస్తోంది.

ఆ నవ్వు మధ్యలోనే బుడే నవ్వు ఆపేసి ఆవిడ వైపు తిరిగాడు.

"అమ్మా, కాస్త పక్కన ఆపండి."

ఆవిడ కంగారుపడి ఆపేసింది. "ఏమైందండీ? చప్పుడేమన్నా వినపడిందా?"

"బండికేం లేదమ్మా. నాకే ఉంది." టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఈ గేర్‌బాక్సు దానంతటది పోలేదు. నేను పోగొట్టాను. ఆ రోజు ఫోన్లో ట్రాక్టరుకు కట్టి లాక్కురమ్మన్నాను చూడండి. ఈ రకం బండిని లాగకూడదమ్మా. లారీ ఎక్కించి తేవాల. నాకు తెలియక చెప్పాను. తెలిసినాక చెప్పడానికి నోరు రాలా. ఇంక మీ బండి నా చేతికి ఇస్తారో లేదో మీ ఇష్టం."

రచన స్టీరింగు మీంచి చేతులు తియ్యలేదు. పక్కనుంచి గోతాల్లో తొక్కిన మిరప టిక్కీల లారీ ఒకటి వెళ్ళింది. ఆ కోరుకు ఇద్దరూ ఒకేసారి తుమ్మారు. ఆవిడ ముక్కు తుడుచుకుని, రోడ్డు వైపే చూస్తూ అడిగింది.

"మేస్త్రి గారూ, మీరు లాక్కురమ్మన్నారు. ఎంత స్పీడులో లాగమన్నారు?"

"స్పీడు సంగతి నేనేం చెప్పలేదమ్మా."

"నేను చెప్పాను." ఆవిడ ఇటు తిరిగింది. చెవులు ఎర్రబడ్డాయి. "ఆ రైతు పాపం నెమ్మదిగానే మొదలుపెట్టాడండీ. నాకే ఓపిక లేక, కిటికీలోంచి తల బయటపెట్టి, ఏం బాబాయ్, ఇదేమన్నా పెళ్ళి ఊరేగింపా, తొక్కు అని అరిచాను. ఆయనా హుషారు మనిషే, తొక్కాడు. నరసరావుపేట దాటాక ఒక ఆర్టీసీ బస్సును కూడా దాటించాను."

"తాడుకు కట్టుకుని... బస్సును దాటించారా!"

"దాటించాను. బస్సులో వాళ్ళు చప్పట్లు కూడా కొట్టారు." ఆవిడ స్టీరింగును గోటితో గీకింది. "దానివల్లే పోయిందేమోనని రెండు నెలలుగా నిద్ర లేదు నాకు. మీతో చెబితే నాన్నకు తెలుస్తుందని నోరు మూసుకున్నాను. మీ మీద భారం వేసి, మీ చేతిలో పడ్డాక భయం లేదంటూ రోజూ ఫోను చేశాను."

బుడేకు నవ్వు ఎక్కణ్ణుంచి వచ్చిందో, పొట్ట పట్టుకుని వంగిపోయాడు. ఆవిడా నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ, స్టీరింగు మీద తల ఆనించి. కల్లంలో మిరపకాయలు ఏరుతున్న ముసలమ్మ ఒకతి వీళ్ళను చూసి, విషయం తెలియకపోయినా, తనూ నవ్వేసింది.

తిరిగి వచ్చేసరికి మాస్టారు రోడ్డు మీదికొచ్చి నిలబడి ఉన్నారు. ఇద్దరూ దిగి, ఎవరు ముందు చెప్పాలో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకుని, చివరికి ఒకేసారి చెప్పేశారు. ఆయన గొడుగు కర్ర నేలకు ఆనించి మొత్తం విన్నారు. బస్సు దగ్గరికి వచ్చేసరికి పెదవి బిగబట్టారు గాని, ఆ పెదవి చివర నవ్వు కనబడనే కనబడింది.

"ఇద్దరికిద్దరూ సరిపోయారు," అన్నారు. "ఒక్క సంగతి చెప్పు బుడే. ఇది రేపు వినుకొండ వెళ్ళి వస్తుందా?"

"రేపు కాదు మాస్టారూ. రోజూ వెళ్ళొచ్చిద్ది."

మాస్టారు షాపులోకి నడిచి, బుడే ఫోను నుంచే పీరుకు ఫోను చేశారు. "రేపు రానక్కర్లేదయ్యా. లేదు లేదు, బేరం కాదు. మా అమ్మాయి కాలేజీకి వెళ్ళాలి," అన్నారు. మదార్‌బీ తడిచీరలు విప్పుతూ విప్పుతూ ఆ మాట విని, లోపలికెళ్ళి అందరికీ టీ పెట్టింది.

టీ తాగుతుంటే బుడేకు కొత్త దిగులు పట్టుకుంది. "మాస్టారూ, మన ఊళ్ళ సంగతి తెలుసు గదా. మళ్ళీ ఎక్కడన్నా ఆగిందంటే, ఈవిడ వద్దన్నా వినకుండా తాడు కట్టేస్తారు. మంచోళ్ళ నుంచి దీన్ని కాపాడేదెట్టా?"

"ఒక పలక రాయించి వెనక తగిలించు. రాసుకో. దయచేసి ఈ వాహనమును తాడుతో లాగరాదని..."

"తాడు చేత్తో పట్టుకున్నోడు అంత చదవడండి," అన్నాడు బుడే. ఒక రేకుముక్క కత్తిరించి, పక్క షెడ్డులో లారీలకు పేర్లు రాసే పెయింటరు దగ్గరికి తనే పట్టుకెళ్ళి, దగ్గర నిలబడి తన మాటల్లోనే రాయించుకొచ్చాడు. రంగు ఆరీ ఆరకముందే కారు వెనక నంబరు పలక కింద బిగించాడు. రచన హారను రెండుసార్లు కొట్టి వెళ్ళిపోయింది. ఆ రాత్రి బుడే గోడతో మాట్లాడకుండా అన్నం తిని, మదార్‌బీకి బస్సు సంగతి మూడుసార్లు చెప్పాడు.

ఆ తర్వాత బుడే మూడు మిరప పంటలు చూశాడు. నాలుగో ఏడు, పత్తితీతల రోజుల్లో, మధ్యాహ్నం అన్నం తిని కాసేపు నడుం వాల్చినవాడు మళ్ళీ లేవలేదు. నిద్రలోనే పోయాడు, మొహం ప్రశాంతంగా ఉంది. మాలిక్ ఫోను చేస్తే రచన వినుకొండ నుంచి కారులో వచ్చింది. ఎంత స్పీడులో వచ్చిందో ఎవరికీ చెప్పలేదు. దారిలో ఇంజను గొంతు ఎప్పటిలాగే నిలకడగా ఉంది.

ఇప్పుడు షాపు మాలిక్ చూసుకుంటున్నాడు. రచన రోజూ వినుకొండ వెళ్ళి వస్తూనే ఉంది. కారు వెనక, నంబరు పలక కింద, నాలుగు మరలతో బిగించిన రేకుముక్క, పసుపురంగు మీద నల్లటి అక్షరాలు: "ఆగితే లాగొద్దు. తొందర పడొద్దు. లారీ ఎక్కించండి. బుడే, సత్తెనపల్లి." ఎండకు పసుపు కాస్త వెలిసింది గాని, వెనక వచ్చే ట్రాక్టరు వాళ్ళకు అక్షరాలు ఇంకా బాగానే కనబడతాయి.